‘వచ్చేశా’ అనే దీపం

వైర్‌లెస్ బిగించడానికి వచ్చినవాడు మెడ నిండా వైర్లు వేలాడేసుకుని రావడమేమిటి? తలుపు తీసిన అమ్మడికి నవ్వాగలేదు.

"మేం చెప్పింది వైర్‌లెస్ కదండీ? ఇన్ని వైర్లెందుకు, బట్టలారేస్తారా?"

"వైర్‌లెస్‌కే ఎక్కువ వైర్లు పడతాయి మేడం. కనబడకుండా దాచడమే మా పని" అన్నాడు ఆ ఇంజనీరు, నొసటి చెమట తుడుచుకుంటూ.

ఆ రోజుతో అతడి పేరు వైరుబాబు అయిపోయింది. అమ్మడు కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది. ఎదుటివాడి చూపు ఎక్కడ ఆగుతోందో కనిపెట్టడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఈ అబ్బాయి చూపు గోడకు బిగిస్తున్న హబ్ మీద కంటే తన మీదే ఎక్కువ ఆగుతోందని ఇట్టే పట్టేసింది. పట్టేసి ఊరుకుందా? లేని రిపేర్లన్నీ చెప్పి మళ్ళీ మళ్ళీ పిలిపించింది!

హబ్ అంటే అరచేయంత తెల్ల డబ్బా. ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు అన్నీ దాని మాట వింటాయి, అది మన మాట వింటుంది. కాకపోతే ప్రతిదానికీ ఓ పేరుండాలి. ఇద్దరూ కూర్చుని పేర్లు పెట్టారు. పిలిచిన ఎంతసేపటికో గానీ తిరగని హాలు ఫ్యాను "బద్ధకం". ఊరికే మోగే కాలింగ్ బెల్లు "గయ్యాళి". ఆఖరున, అతడు బహుమతిగా తెచ్చిన జంట దీపాలు. ఒకటి ఇక్కడ, రెండోది అతడి గదిలో. సాయంత్రం అతడు ఇల్లు చేరి తన దీపాన్ని తాకితే ఇక్కడిది వెలుగుతుంది. ఈమె తాకితే అక్కడిది వెలుగుతుంది. ఇక్కడి దీపానికి "వచ్చేశా" అని పేరు పెట్టారు.

ఇదంతా చూసి అమ్మడి నాన్న మీసం చాటున నవ్వుకున్నాడు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. గుసగుస అంటే ఏమిటో తెలియని మనిషి. ఆయన రహస్యం చెబితే పక్కింటివాళ్ళు ఊ కొడతారు.

"అబ్బాయి మంచోడేనే అమ్మడూ!" అని ఓసారి కూతురి చెవిలో చెప్పాడు.

వంటింట్లో బల్బు మారుస్తున్న వైరుబాబు అక్కణ్ణుంచే "థాంక్సండీ మాస్టారూ" అన్నాడు.

అలా సాగిపోవలసిన కథే. కానీ వైరుబాబుకి ప్రమోషన్ మీద వేరే ఊరికి బదిలీ వచ్చింది. వస్తే వచ్చింది, సంతకం పెట్టేశాక గానీ ఆ మాట ఈమెకు చెప్పలేదు.

"మనిద్దరి కోసమే కదా ఒప్పుకున్నాను?" అన్నాడు.

"నన్ను అడగలేదు. నాకు చెప్పావంతే."

"ఇప్పుడు అడుగుతున్నా. వస్తావా?"

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? వెళ్ళు!"

వెళ్ళాడు. కొత్త ఊళ్ళో రోజూ ఇల్లు చేరాక దీపం తాకేవాడు. ఇక్కడ "వచ్చేశా" వెలిగేది. ఈమె మూతి ముడుచుకుని చూసేదే గానీ తిరిగి తాకేది కాదు. పంతం! అలా రెండు నెలలు. ఉన్నట్టుండి ఓ రోజు దీపం వెలగలేదు. మర్నాడూ లేదు. వారమంతా లేదు. అమ్మడు టీ కప్పు ముందు పెట్టుకుని, ఆ చీకటి దీపం వంకే చూస్తూ కూర్చుని, చల్లారిన టీని సింకులో పారబోసేది. ప్రాణం విలవిల్లాడిపోయింది. ఇక ఉండబట్టలేక ఓ సాయంత్రం ఫోను అందుకుని, అతడి నంబరు తీసింది.

అప్పుడే దీపం వెలిగింది!

ఫోను సోఫాలో పడేసి ఒక్క పరుగున వెళ్ళి తాకింది. ఆనాటి నుంచి రోజూ అంతే. దీపం వెలుగుతుంది, ఈమె తాకుతుంది, టీ తాగుతుంది. వానొస్తే దీపం ఆలస్యం. "పాపం, తడుస్తున్నాడో ఏమో" అనుకునేది. ఫోన్ చేసే అవసరం కనబడలేదు. దీపం వచ్చింది కదా, మనిషీ వస్తాడు అనుకుంది పిచ్చిపిల్ల.

అంతలో నాన్న స్నానాలగదిలో జారిపడ్డాడు. లేవలేక, అమ్మడు షాపు నుంచి వచ్చేదాకా ఆ తడి నేల మీదే ఉండిపోయాడు. మణికట్టుకు కట్టుకునే పట్టీ ఒకటి కొనమన్నాడు డాక్టరు. మనిషి పడితే అది అమ్మడి ఫోనుకు కబురు పెడుతుంది. అయితే, హబ్‌లో వైర్‌లెస్ సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ చేస్తేనే అది పనిచేస్తుంది. అప్‌గ్రేడ్ చేస్తే పాతరకం దీపాలు ఇక పలకవు. ఇంట్లో పాతరకం దీపం ఒక్కటే ఉంది.

విచిత్రమేమిటంటే, అమ్మడి కంటే ముందు నాన్నే అడ్డం తిరిగాడు.

"అప్‌గ్రేడూ వద్దు, గిప్‌గ్రేడూ వద్దు! బాగా పనిచేస్తున్నదాన్ని గెలకడమంటే కొరివితో తల గోక్కోవడమే."

"మళ్ళీ పడితే?"

"పడను."

"చెప్పి పడతారా ఎవరైనా?"

"ఎంతమంది పిల్లల్ని పరిగెత్తించినవాణ్ణి! నాకు పట్టీ కడతావా?"

ఫోన్లో "ఇప్పుడే", "తర్వాత" అని రెండు బటన్లు. అమ్మడి వేలు "తర్వాత" మీదికే పోయేది. పోయిన ప్రతిసారీ తడినేల మీది నాన్న గుర్తొచ్చి, తన మీద తనకే సిగ్గేసేది. చివరికి ఓ రోజు ఆయన కుర్చీలోంచి లేస్తూ గోడ పట్టుకోవడం చూసి, కళ్ళు గట్టిగా మూసుకుని "ఇప్పుడే" నొక్కేసింది. యజమాని హబ్ దగ్గరికొచ్చి అనుమతించాలంది ఫోను. యజమాని ఎవరు? బిగించిన రోజున తన పేరు మీద ఖాతా తెరిచిన వైరుబాబు!

ఫోన్ చేయక తప్పలేదు. "చెప్పండి మేడం" అన్నాడు. అదే పాత పిలుపు. హబ్ సంగతి చెప్పి, ఒక్కసారి రమ్మంది.

వానలో తడుస్తూ వచ్చాడు. మెడలో ఒక్క వైరూ లేదు.

"వైర్లేవి వైరుబాబూ?"

"మేనేజర్నయ్యాను మేడం. వైర్లు మోయడానికి వేరేవాళ్ళున్నారు."

నాన్న కంగారుగా అడ్డొచ్చాడు. "ఇప్పుడెందుకు బాబూ, ఈ వానలో ఆ డబ్బాకి జలుబు చేస్తుందేమో!" ఎవరూ నవ్వలేదు. కూతురి మొహం వంక ఓసారి చూసి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

వైరుబాబు అనుమతిచ్చి, ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "ఆ దీపం పోతుంది. తెలుసుగా?"

"తెలుసు."

వద్దంటాడేమోనని చూసింది. అనలేదు. నొక్కింది. తెర మీద గీత మెల్లగా నిండడం మొదలైంది.

"నీకేం బాధగా లేదా?" అంది.

"నాదెప్పుడో అటకెక్కింది కదా" అన్నాడు.

"ఎప్పుడు?"

"వెళ్ళిన రెండు నెలలకి. రోజూ తాకేవాణ్ణి. నువ్వు ఒక్కసారి తిరిగి తాకితే ఉద్యోగం వదిలేసి వచ్చేద్దామనుకున్నా. తాకలేదు. ఇక చాల్లే అని తీసేశాను."

అమ్మడికి ఆ చీకటి వారం గుర్తొచ్చింది. మరి తర్వాత వెలిగించిందెవరు?

"ఆ తర్వాతైనా... ఎప్పుడైనా తాకావా?" అన్నాడు తల వంచుకుని.

రోజూ, అనబోయింది. అప్పుడు కనబడింది అతడి వేలికి కొత్త ఉంగరం.

"లేదు. కోపం తగ్గలేదు" అంది.

"అనుకున్నాను." ఉంగరం తిప్పుకున్నాడు. "వచ్చే నెల పెళ్లి. ఈ ఖాతా కూడా నీ పేరుకు మార్చేశాను."

గీత నిండింది. హబ్ ఓసారి ఆరి వెలిగింది.

గుమ్మం దగ్గర అడిగింది. "అమ్మాయి మంచిదేనా?"

"మంచిది. నీలా ఏడిపించదు."

"అయితే నీకు బోర్ కొడుతుంది."

నవ్వబోయి నవ్వలేకపోయాడు. గొడుగు ఇవ్వబోతే వద్దన్నాడు. తిరిగివ్వడానికి మళ్ళీ రావాల్సొస్తుందట.

సాయంత్రమైంది. అలవాటు కొద్దీ టీ పెట్టుకుని దీపం ఎదురుగా కూర్చుంది. నాన్న గది తలుపు వెనక నుంచి ఏదో గుసగుస.

"వచ్చేశా వెలిగించు."

"వచ్చేశా పేరుతో ఈ ఇంట్లో ఏదీ లేదు" అంది హబ్.

"వచ్చేశా... వెలిగించవే తల్లీ."

"ఈ ఇంట్లో ఏదీ లేదు."

గొంతు పెరిగింది. ఒకప్పుడు గ్రౌండు అవతలి గోడ దాకా వినబడిన గొంతు ఇల్లంతా మోగింది. "వచ్చేశా! వెలిగించు! వచ్చేశా!"

అమ్మడు తలుపు తోసింది. ఆయన దొరికిపోయిన దొంగలా నిలబడిపోయాడు.

"ఎన్నాళ్ళ నుంచి నాన్నా?"

"నువ్వు టీ పారబోసిన వారం నుంచి. ఒక్కరోజు వెలిగిద్దాం, ఒక్క కప్పు తాగుతుందనుకున్నానే. నువ్వు పరిగెత్తుకెళ్ళి తాకావు. ఆ మొహం చూశాక మానడం నా చేత కాలేదు."

"వానొస్తే ఆలస్యంగా..."

"వానలో బస్సులు ఆలస్యం కదమ్మా."

గుసగుస తెలియని మనిషి తన కోసం గుసగుస నేర్చుకున్నాడు. అమ్మడు ఆయన భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది.

"రాడా?" అన్నాడు నాన్న.

"రాడు. పెళ్లట."

"నేను వెలిగించకపోతే నువ్వే ఫోన్ చేసేదానివేమోనే" అన్నాడు ఆయన.

ఆ సాయంత్రం చేతిలో ఉన్న ఫోను, తెర మీద అతడి నంబరు, అన్నీ అమ్మడి కళ్ళ ముందు మెదిలాయి. కళ్ళు తుడుచుకుంది.

"నేనా? ఫోనా? నా పంతం నీకు తెలీదూ?" అంది. పట్టీ తీసి ఆయన మణికట్టుకు కట్టింది. ఈసారి ఆయన వద్దనలేదు.

"టీ చల్లారిపోతుందే" అన్నాడు.

హాల్లోంచి కప్పు తెచ్చుకుంది. ఆయన పక్కనే మంచం మీద కూర్చుని, ఆయన చూస్తుండగా చివరి చుక్క దాకా తాగింది.