టీ గిన్నె అందించకముందే

"ఫొటోలు తీసేవాడికి నిలకడ ఉంటుందంటావా? ఇవాళ ఈ తోటలో పూలు, రేపు ఇంకే ఊళ్లోనో!" చైనాలోని సుజౌ పాత తోటలో అడుగు పెట్టకముందే అంది మైజెన్.

"ముందు మనిషిని చూడమ్మా. తర్వాత తీరిగ్గా భయపడుదువుగాని," అంది కూతురు షుయాన్.

అన్నదేగాని, తనకీ భయమే. ఇవాళ అమ్మ ఊఁ అంటేనే వచ్చే నెల చెంగ్‌యూ అమ్మానాన్నలు సంబంధం మాట్లాడడానికి వస్తారు.

గుండ్రటి గుమ్మం అవతల తెల్లటి సున్నపు గోడ మీదికి గులాబీ రంగు పూలు విరగబూసి వాలాయి. సన్నటి తుంపర. నల్ల పెంకుల చూరు నుంచి ఒక్కో చుక్కా ఆలోచించుకుని మరీ రాలుతోంది. చెట్టు ముందు కెమెరాతో కదలకుండా నిలబడ్డాడు చెంగ్‌యూ.

"పలకరించడేం?"

"గాలి కోసం చూస్తున్నాడు. అందరిలా కొమ్మ ఊపడు. రేకులు వాటంతటవే రాలాలట."

"పిచ్చా?"

"నా కోసం కూడా అలాగే రెండేళ్లు ఆగాడు." షుయాన్ చెవులు ఎర్రబడ్డాయి.

గాలి వచ్చింది. రేకులు రాలాయి. అప్పటికిగాని అతను వెనక్కి తిరగలేదు.

"పిన్నీ! ఎంతసేపైంది వచ్చి? వంతెన మీద మీ ఇద్దరికీ ఒక్క ఫొటో!"

"రాళ్లు తడిగా ఉన్నాయి. జారితే?"

"నేనున్నాగా."

"నువ్వు కెమెరా వెనకుంటావు కదయ్యా!"

మూలలు తిరిగిన ఆ రాతి వంతెనకు పిట్టగోడ మోకాలంతే. చూరు కూడా ఫొటోలో పడాలని వెనక్కి జరిగిన మైజెన్ మడమ సర్రున జారింది.

"అమ్మా!"

ఆ కేక చెంగ్‌యూది. ఒక్క ఉరుకున వచ్చి ఆమె చెయ్యి పట్టేశాడు.

పక్కన గొడుగు పట్టుకున్న ముసలావిడ నవ్వింది. "పెళ్లెప్పుడైంది అబ్బాయ్? మాకు మిఠాయి పెట్టనేలేదు!"

చెంగ్‌యూ నాలుక కరుచుకున్నాడు. అక్కడి ఆచారంలో పెళ్లినాడు టీ గిన్నె అందించాకే అల్లుడు అత్తగారిని అమ్మా అనాలి. అప్పటిదాకా పిన్నే.

"తొందరలో నోరు జారింది, పిన్నీ."

మైజెన్ నీళ్లకేసి చూస్తోంది.

"పిన్నీ, దెబ్బ తగిలిందా?"

కొలనులో రేకులు మెల్లగా వంతెన కిందికి వెళ్లి, అటుపక్క తేలాయి. అప్పుడు చూసింది షుయాన్, అమ్మ అతని చేతిలోంచి తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"ఇందాకటిలా పిలువు," అంది షుయాన్ అతనితో గుసగుసగా.

చెంగ్‌యూ మైజెన్ వైపు తిరిగాడు. "...అమ్మా."



"ఆఁ," అంది మైజెన్. "వదలకు. ఇంకా సగం వంతెన దాటాలి."