మామూలు, ఒక పార్సిల్

“పిన్నిగారు లేరా? సరే, మీరైనా ఫర్వాలేదు. మామూలు ఇచ్చెయ్యండి, వెళ్ళిపోతాను.”

గరిటె పట్టుకున్న అమ్మాయి తలెత్తి చూసింది. ఎదురుగా నీలం యూనిఫారం, జేబు మీద బ్యాడ్జి, భుజాన బరువైన సంచి. మొహంలో రవ్వంతైనా సిగ్గు లేదు. పైగా నవ్వుతున్నాడు.

“మామూలా?”

“అవునండీ. రోజూ ఇచ్చేదే.”

“రోజూనా!”

“ఆదివారం తప్ప.”

ఆమె గరిటెని గిన్నె అంచుకేసి ఠంగుమని కొట్టింది. “పొద్దున్నుంచీ పొయ్యి ముందు నించుని గిన్నెడు సూప్ అన్నం అమ్ముకునే ఆడవాళ్ళ దగ్గర మామూళ్ళు వసూలు చెయ్యడానికి మీకు మనసెలా ఒప్పుతోందండీ? ఏ డిపార్ట్‌మెంటు మీది? మీ పై ఆఫీసరెవరు?”

బల్ల మీద తింటున్న బస్సు డ్రైవరుకి పొలమారింది. మిగతావాళ్ళ చెంచాలు గాల్లోనే ఆగిపోయాయి.

“లిఫ్టులండీ” అన్నాడతను బిక్కమొహం వేసి. “లిఫ్టులు బాగుచేస్తాను. పై ఆఫీసరంటారా, ఆయనెప్పుడూ పైనే. కిందికి రాడు.”

“లిఫ్టులకి మామూలేమిటి?”

“లిఫ్టులకి కాదండీ, నాకు! నేను రోజూ తినే మామూలు. సూప్ అన్నం, ఒక గుడ్డు, పైన కాస్త మాడు. ఇంకోటి పార్సిల్.”

వెనక నుంచి టకటకమని మూత మీద చెంచా మోత. స్టూలు మీద కూర్చున్న పిన్ని, గొంతుకి మఫ్లరు చుట్టుకుని, చప్పుడు లేకుండా నవ్వుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారిపోతున్నాయి.

ఆ సందులో అందరికీ ఆవిడ పిన్నే. కేకలేసి కేకలేసి స్వరపేటిక వాచిపోయింది. నెల రోజులు ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు, కాదంటే గొంతు శాశ్వతంగా పోతుంది అని డాక్టరు భయపెట్టాడు. రాసి చూపిద్దామంటే ఆవిడ చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది. అందుకని అక్క కూతురు వచ్చి గరిటె పట్టింది. ఈ అమ్మాయికి పక్క ఊళ్ళో ప్రింటింగ్ ప్రెస్సులో ఉద్యోగం వచ్చింది. చేరడానికి ఇంకా నెల ఉంది. పిన్ని గొంతు రాగానే వెళ్ళిపోతుంది. అప్పటికే అందరూ ఆమెని ‘కొత్తమ్మాయి’ అనడం మొదలుపెట్టారు.

“మాడు పొద్దున్నే గోకి పారేశాను” అంది కొత్తమ్మాయి, చిన్న గొంతుతో.

లిఫ్టు మెకానిక్ మొహం చూస్తే దగ్గరివాళ్ళెవరో పోయారనుకోవాలి.

మర్నాడు అన్నం గిన్నె అడుగున బంగారు రంగులో పట్టిన మాడుని ఆమె జాగ్రత్తగా ఊడదీసి, విరగకుండా, అతని గిన్నె మీద గొడుగులా నిలబెట్టింది.

“సారీ అనుకోండి” అంది.

“రోజూ సారీ చెప్తారా అయితే?”

ఆమె నవ్వు దాచుకోవడానికి పొయ్యి వైపు తిరిగింది.

రేకు కప్పు, దాని కింద పిన్ని బండి, రెండు బల్లలు, సొట్టలు పడ్డ స్టీలు గిన్నెలు. జేబు తడుముకోకుండా తినగలిగే చోటు అది. వాచ్‌మెన్, నర్సు, డ్రైవరు, పరీక్ష తప్పిన కుర్రాళ్ళు, అందరూ ఒకే బల్ల మీద మోచేతులు తగిలించుకుంటూ తినేవాళ్ళు. గిన్నె ఖాళీ అయ్యాక కూడా ఎవరైనా లేవకుండా కూర్చుంటే అడక్కుండానే ఇంకో గరిటెడు సూప్ పడేది. పిన్ని వాళ్ళ అత్తగారి నాటి అలవాటు. కొత్తమ్మాయి ఒక్కరోజులో పట్టేసింది.

పార్సిల్ వెళ్ళేది లిఫ్టు మెకానిక్ వాళ్ళ నాన్నకి. ఆయన కళ్ళజోళ్ళు బాగుచేస్తాడు. మెట్ల మీద జారి కాలి ఎముక విరిగింది. అడ్డంగా విరిగింది కాబట్టి ఆలస్యం అన్నారు. పిండికట్టు వేసుకుని నాలుగో అంతస్తులో కూర్చున్నాడు. లిఫ్టులు బాగుచేసేవాడి ఇంటికి లిఫ్టు లేదు. అమ్మ పోయాక ఇంట్లో వాళ్ళిద్దరే.

ఆయన మూత విప్పే ముందు పార్సిల్‌ని ఓసారి కళ్ళజోడు సవరించుకుని చూసేవాడు. “ఇదిగో చూశావురా, సూప్ ఒలక్కుండా మూతకి గుడ్డ చుట్టింది. మిరియాలపొడి విడిగా కట్టింది. మీ అమ్మ పోయాక ఇంత శ్రద్ధగా కట్టిన పొట్లం ఇదే.”

“పొట్లమే నాన్నా, తినండి.”

“తింటాన్లే. నువ్వెందుకు నవ్వుతున్నావు?”

“నేనా? నవ్వలేదే.”

ఒకరోజు మధ్యాహ్నం వాన పట్టుకుంది. రేకు చిల్లులోంచి ఒక చుక్క సరిగ్గా అతని గిన్నెలో పడుతోంది. కొత్తమ్మాయి పెద్ద మూత తెచ్చి గిన్నె మీద పట్టుకుంది.

“తల మీద పట్టుకోవచ్చుగా?” అన్నాడు, జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే.

“తల తడిస్తే ఆరుతుంది. సూప్ తడిస్తే ఆరదు.”

ఆమె చెయ్యి నొప్పెట్టేదాకా అతను మెల్లగా తిన్నాడు. ఆమె కూడా తొందరపెట్టలేదు. అంతా బాగానే ఉంది. అక్కడితో లేచి వెళ్ళిపోయినా బాగుండేది. పార్సిల్ అందుకుంటూ నోరు విప్పాడు.

“ఏవండీ, నిమ్మచెక్క ఇంకోటి వెయ్యండి. ఇంట్లో పుల్లపుల్లగా కావాలంటున్నారు.”

ఆమె చెయ్యి ఆగింది. “ఇంట్లోనా?”

“అవునండీ. ఏదీ సహించడం లేదు. పొద్దున్నే వికారం.” నొప్పి మాత్రలు పడటం లేదని అతని ఉద్దేశం.

“అలాగా.” పార్సిల్ ముడి మళ్ళీ విప్పింది. “ఎన్నో నెల?”

కాలి సంగతి ఈవిడకి పిన్ని చెప్పిందేమో అనుకున్నాడు. పిన్నికి గొంతు లేదన్నది ఆ క్షణాన గుర్తు రాలేదు. “మూడోదండీ. ఇంకా చాలా ఓపిక పట్టాలి.”

“బరువులెత్తనివ్వకండి. మెట్లు దిగనివ్వకండి.”

“నేనూ అదే అంటాను. వింటేనా! పైగా నేను కసిరితే చిన్నబుచ్చుకుంటారు.”

కొత్తమ్మాయి ఇంకో నిమ్మకాయ కోసింది. అది పూర్తిగా కోసేదాకా తలెత్తలేదు. భార్య గురించి మాట్లాడుతూ ‘చిన్నబుచ్చుకుంటారు’ అంటున్నాడు. చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకునేందుకు వీలుండేది.

మర్నాడు అతని గిన్నె మీద మాడు లేదు.

“మాడు?”

“లేదండీ.”

పక్కనే వాచ్‌మెన్ తాత తన గిన్నెలోకి చూసుకుంటున్నాడు. “ఇదేంటమ్మా, నాకేశావు? పళ్ళే లేవు నాకు!”

“నానబెట్టుకు తినండి తాతా.”

లిఫ్టు మెకానిక్‌కి ఏమీ అర్థం కాలేదు. నిన్న మూత పట్టిన చెయ్యి ఇవాళ గిన్నెని బల్ల మీద దబ్బున పెట్టింది. ఏమన్నాను? నిమ్మకాయ అడగడం తప్పా? డబ్బులు విడిగా ఇవ్వాలా? అడిగితే “అదేం లేదండీ” అంది. ఆ ‘అండీ’ ఐసుముక్కలా ఉంది. ఆ సాయంత్రం ఒక లిఫ్టులో మూడో అంతస్తు బటన్‌కీ ఐదో అంతస్తు బటన్‌కీ వైర్లు మార్చి బిగించేశాడు.

విచిత్రమేమిటంటే పార్సిల్ మాత్రం రోజురోజుకీ పెరుగుతోంది. రెండో గుడ్డు వచ్చింది. మెత్తగా ఉడికించిన క్యారెట్ వచ్చింది.

“ఆ అమ్మాయికి నామీద ఇంత దయేమిట్రా?” అన్నాడు నాన్న.

“నామీద తీసేసినదంతా మీమీద పెడుతోంది.”

“బరువులెత్తొద్దని కూడా చెప్పిందన్నావుగా?”

“చెప్పింది.”

“కాలు విరిగినవాడు బరువులెత్తుతాడా? ఏమో, మంచి పిల్లే గానీ...” ఆయన క్యారెట్ ముక్క నములుతూ ఆలోచనలో పడ్డాడు.

ఇక్కడ బండి దగ్గర ఇంకో గందరగోళం. గిన్నెలు కడుగుతూ కొత్తమ్మాయి అంది, “వాళ్ళావిడ అదృష్టవంతురాలు పిన్నీ. మూడో నెలట.”

పిన్ని కళ్ళు గుడ్లగూబ కళ్ళయ్యాయి. తల అడ్డంగా ఊపింది. మూతి మీద వేలితో మీసాలు గీసింది.

“మీసాలా? ఓహో, మగపిల్లాడు కావాలంటున్నాడా?”

పిన్ని తల కొట్టుకుంది. కాలు చాపి, మోకాలి నుంచి పాదం దాకా చేతులతో చుట్టి చుట్టి చూపించింది.

“కాళ్ళవాపులా! అయ్యో, మూడో నెలకేనా?”

పిన్ని చెంచా విసిరేసింది.

మర్నాడు ఆవిడ అతన్నే పట్టుకుంది. కొత్తమ్మాయి వైపు వేలు చూపించి, తన పొట్ట ముందు పెద్ద గుండ్రం గీసి, ‘ఏమిట్రా ఇది?’ అన్నట్టు చేతులు తిప్పింది.

“నిండిందండీ పిన్నిగారూ! చాలు, ఇంక వద్దు” అన్నాడతను పొట్ట నిమురుకుంటూ.

శనివారం వచ్చింది. పిన్ని గొంతు చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. బండి దగ్గర కొత్తమ్మాయి ఒక్కతే ఉంది.

“సోమవారం ఉద్యోగంలో చేరుతున్నానండీ. రేపే ప్రయాణం” అంది పార్సిల్ కడుతూ.

అతను మొదటి ముద్దకి ఎత్తిన చెంచా కింద పెట్టేశాడు. ఇక ఇవాళ చెప్పకపోతే ఎప్పటికీ చెప్పలేడు. “మీతో ఒక మాట చెప్పాలి. చాలా రోజుల్నుంచి...”

“చెప్పకండి.”

“ఏం చెప్తానో తెలీకుండానే?”

“తెలుసు. అందుకే వద్దంటున్నాను. ఇంట్లో మనిషిని పెట్టుకుని అనాల్సిన మాటలా అవి?”

“ఇంట్లో కూడా మీరంటే ఎంత ఇష్టమో! రోజూ మీ గురించే మాట్లాడుకుంటాం. ఒకసారి ఇంటికి తీసుకురా, చూస్తాను అంటున్నారు.”

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఒక చిన్న కాగితం పొట్లం తీసి పార్సిల్ మీద పెట్టింది. “ఇది వాళ్ళకివ్వండి. నేనిచ్చానని చెప్పండి. మీరింక వెళ్ళండి.”

అతను పార్సిల్ గుండెకి ఆనించుకుని ఇంటికెళ్ళాడు. దారిలో ఒకరిద్దరు పలకరించినా వినిపించుకోలేదు.

నాన్న పొట్లం విప్పాడు. లోపల పసుప్పచ్చ ఉన్నితో అల్లిన మేజోళ్ళు, ఒక్కొక్కటీ చిటికెడంత. ఆయన ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పిండికట్టులోంచి బయటికి కనిపిస్తున్న బొటనవేలికి తొడుక్కున్నాడు.

“వెచ్చగానే ఉందిరా. మిగతా నాలుగు వేళ్ళ సంగతేమిటి?”

కొడుకు నవ్వలేదు. నాన్న కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఆ పిల్లతో నా గురించి ఏమని చెప్పావు?”

“ఏముంది, ఇంట్లో అని చెప్పాను.”

“ఇంట్లో. నాన్న అనలేదు?”

“అన్లేదు.”

“పుల్లగా కావాలంటున్నారని చెప్పావా?”

“చెప్పాను.”

“పొద్దున్నే వికారమని?”

“అదీ చెప్పాను.”

“మూడో నెలని!”

“ఆవిడ అడిగితే...” అతను బొటనవేలికున్న మేజోడు వైపు చూశాడు.

నాన్న నవ్విన నవ్వుకి మంచం కిర్రుమంది. “ఒరేయ్, ఇన్నాళ్ళుగా నేను నీ పెళ్ళాన్నిరా! అందుకే బరువులెత్తొద్దంది. అందుకే క్యారెట్లు. ఎవరో ముక్కూమొహం తెలీని ఆడపిల్ల కోసం తన బాధ దిగమింగుకుని మూతకి గుడ్డ చుట్టింది చూశావూ... ఇంకా నించున్నావేం? పరిగెత్తు!”

నాలుగంతస్తులూ ఎలా దిగాడో అతనికే తెలీదు. సందు మలుపు తిరిగేసరికి పిన్ని డాక్టరు దగ్గర్నుంచి వచ్చి ఉంది. మఫ్లరు తీసి చేతిలో పట్టుకుంది. నెల్లాళ్ళు దాచుకున్న మొదటి మాట, పాత తలుపు తెరుచుకున్నట్టు కీచుగా, సందంతా వినబడేలా బయటికొచ్చింది.

“ఒసేయ్ పిచ్చిపిల్లా! వాడికి పెళ్ళీ లేదు, పెటాకులూ లేవే! మూడో నెల వాళ్ళ నాన్నకి!”

బల్లల మీద అందరూ కొయ్యబారిపోయారు. డ్రైవరుకి మళ్ళీ పొలమారింది.

“వాళ్ళ నాన్నకి మూడో నెలా?” అంది కొత్తమ్మాయి.

“పిండికట్టుకి!” పిన్నీ అతనూ ఒకేసారి అరిచారు.

కొత్తమ్మాయి చేతికందిన పెద్ద మూత తీసి మొహానికి అడ్డం పెట్టుకుంది. చాలాసేపు ఆ మూత అలాగే ఉంది. అతను దాని ముందు నిలబడి, రొప్పుతూ, మూతతోనే మాట్లాడాడు.

“నేను చెప్పబోయిన మాట ఇప్పుడు చెప్పొచ్చా?”

“వద్దు. అందరూ చూస్తున్నారు.”

“మేం చూడ్డం లేదమ్మా” అన్నాడు వాచ్‌మెన్ తాత, కళ్ళు ఇంకా పెద్దవి చేసుకుని.

“మీరంటే నాకు ఇష్టం. మాడు పెట్టినా పెట్టకపోయినా. మొదటిరోజు తిట్టినప్పటినుంచీ.”

మూత కొంచెం కిందికి దిగింది. ఎర్రబడ్డ కళ్ళు కనిపించాయి. “మేజోళ్ళు చూసి మీ నాన్నగారు ఏమన్నారు?”

“ఒకటి బొటనవేలికి సరిపోయింది. ఆనక ఉతికి, రెండూ దాచిపెడతానన్నారు.”

“దాచడం దేనికి?”

“పనికొచ్చే రోజు వస్తుందట. తొందరేం లేదట.”

మూత గబుక్కున మళ్ళీ పైకి లేచింది. దాని వెనక నవ్వు వినిపించింది, అందరికీ. పిన్ని మఫ్లరు కొసతో కళ్ళు తుడుచుకుంది.

“రేపు వెళ్ళాల్సిందేగా నేను” అంది మూత వెనక గొంతు.

“గంట ప్రయాణం. రైలు పైకీ కిందికీ కాదు, అడ్డంగా వెళ్తుంది. అలవాటు చేసుకుంటాను.”

“ఆదివారాలు మామూలు ఉండదు కదా ఇక్కడ.”

“ఉండదు.”

“అయితే ఆదివారాలు నేనే వస్తాను. మీ ఇంటికి. మీ ఇంట్లోవాళ్ళకి పుల్లగా ఏదైనా వండిపెట్టాలి.” మూత పూర్తిగా దించి పక్కన పెట్టింది. తలెత్తి అతన్ని సూటిగా చూసింది. “నించునే ఉన్నారేం? కూర్చోండి. ఇవాళ ఒక్క ముద్దా తిన్లేదు మీరు.”

అతను బల్ల కొసన కూర్చున్నాడు. ఆమె వేడి సూప్ పోసి, బండి పై అరలోంచి బోర్లించిన పళ్ళెం ఒకటి దింపింది. పళ్ళెం కింద బంగారు రంగు మాడు, ఎక్కడా విరగకుండా.

“లేదన్నారు?”

“మీకు లేదన్నాను. పారేస్తానన్లేదు.”