రెండు నిమిషాల వార్తలు

పొద్దున్న ఆరున్నరయ్యేసరికి ఆ వంటగదిలో రెండు చప్పుళ్ళు వినిపించాలి. ఒకటి పెద్దకోడలు బీన్స్ తుంచే చప్పుడు, రెండోది మామగారు పేపరు చదివే గొంతు.

"నీటి సరఫరా కామా మరమ్మతుల కారణంగా కామా రెండు రోజులు నిలిపివేస్తారు ఫుల్‌స్టాప్. విన్నావా పెద్దమ్మాయ్?"

"విన్నాను మామయ్యా. డ్రమ్ములు నిన్ననే నింపేశాను. పేపరు కన్నా మన కుళాయే ముందు చెప్తుంది."

మామగారు ముప్ఫై ఒక్కేళ్ళు ఒక ప్రెస్సులో ప్రూఫ్‌రీడరు. ఆ రోజుల్లో ఒకరు కామాలూ ఫుల్‌స్టాపులతో సహా పైకి చదువుతూ ఉంటే, ఎదురుగా కూర్చున్నవాడు అచ్చుకాగితంలో సరిచూసుకునేవాడు. ఉద్యోగం మానేసినా నోటికి ఆ అలవాటు పోలేదు. అత్తగారు పోయిన కొత్తలో ఆయన పేపరు ముందు పెట్టుకుని, గంటసేపు ఒకే పేజీ చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు పొయ్యి దగ్గర్నుంచి పెద్దకోడలే, "పైకి చదవండి మామయ్యా, నేనూ వింటాను" అంది. అది జరిగి పదకొండేళ్ళు.

మిగతా రోజంతా ఆ ఇంట్లో ఆమెని మేజోళ్ళెక్కడ, తాళాలెక్కడ అనే అడుగుతారు. "దీనికి నువ్వేమంటావ్?" అని అడిగేది ఆ ఒక్క గంటలోనే. కొత్త వంతెన గురించీ, కూలిన పాత వంతెన గురించీ ఆమె అభిప్రాయం చెబితే, ఆయన కళ్ళజోడు దించి మరీ వినేవారు.

అలాంటి గంట వారం రోజులుగా చేయి మారింది.

చిన్నకోడలు ఫిజియోథెరపిస్టు, పొద్దున్నే బస్సెక్కి పొరుగూరి ఆసుపత్రికి వెళ్తుంది. ఊళ్ళోనే కొత్తగా తెరిచిన పెద్దాసుపత్రిలో ఉద్యోగం దాదాపు వచ్చినట్టే. ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష ఒక్కటే అడ్డం. ఎదురుగా ఒక అధికారి కూర్చుని ఒక అంశం ఇస్తాడు, దాని మీద రెండు నిమిషాలు ఆగకుండా మాట్లాడాలి, తర్వాత ఆయన ప్రశ్నలకి జవాబులివ్వాలి. కిందటిసారి 'మీరు వార్తలు ఎలా తెలుసుకుంటారు' అన్న అంశం వస్తే నలభై సెకన్లకే మాటలు అయిపోయాయి. అర మార్కుతో తప్పింది. ఈసారి కూడా తప్పితే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అందుకే సెలవు పెట్టి, మామగారిని పట్టుకుంది.

ఇప్పుడు ఆరున్నరకి ఆయన ముందుగదిలో చిన్నకోడలి ఎదురుగా కూర్చుంటున్నారు. "శభాష్ చిన్నమ్మాయ్" అని వంటగదిదాకా వినిపిస్తోంది. పదకొండేళ్ళలో పెద్దకోడలికి 'ఊఁ, బాగా చెప్పావ్' అనేదాకా వచ్చారు గాని, శభాష్ ఎన్నడూ రాలేదు. ఆవిడగారికి నాలుగో రోజుకే వచ్చేసింది.

పెద్దకోడలు మిక్సీ వేసింది. వాళ్ళు మాట్లాడినంతసేపూ అది తిరుగుతూనే ఉంది.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. మూడో రోజు బూట్లు వేసుకుంటూ చెవి అటు పెట్టి విన్నాడు. "ఏమే, అందులో ఏం లేదులా ఉంది? మోటారు ఖాళీగా తిరుగుతోంది."

"మీకు చప్పుడు బట్టి మిషన్ల బాధలు బాగా తెలుస్తాయి" అందామె. ఆయన దాన్ని మెచ్చుకోలు కింద తీసుకుని పనికి వెళ్ళిపోయాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, పెద్దకోడలు బల్ల తుడుస్తూ చిన్నకోడలి ఫోను పక్కకి జరపబోతే చెయ్యి తగిలి మాటలు మొదలయ్యాయి. చిన్నకోడలు రికార్డు చేసుకున్న జవాబే. ఆపేద్దామనుకుంది. ఆపలేదు. డిగ్రీలో ఇంగ్లీషులో ఎప్పుడూ డెబ్బైకి తగ్గని మనిషి. ప్రతి ముక్కా అర్థమైంది.

"రోజూ పొద్దున్నే నేను మా మామగారితో కూర్చుంటాను. ఆయన పేపరు పైకి చదువుతారు. నేను కూరగాయలు తరుగుతూ వింటాను. దీనికి నువ్వేమంటావ్ అని ఆయన నన్ను అడుగుతారు..."

నగ అరువిస్తే తిరిగొస్తుంది, చీరిస్తే మడతైనా మిగులుతుంది. ఆ గంటని మాత్రం అడక్కుండానే పట్టుకుపోయింది. అదీ, వంకాయకి తొడిమ ఎటుంటుందో తెలియని మనిషి, కూరగాయలు తరుగుతుందట.

పోట్లాడటానికి ఆమెకి గొంతు చాల్లేదు. బుర్ర మాత్రం చాలినంత ఉంది. సాయంత్రం చిన్నకోడలితో చాలా మెత్తగా అంది:

"మామయ్యకి గొంతు పట్టేసినట్టుంది. ఇవాళ పరీక్ష నేను పెట్టనా?"

చిన్నకోడలి మొహం వెలిగింది. "నిజంగానా అక్కా? నువ్వు పెడతావా? నిన్ను అడగాలంటే భయమేసి ఊరుకున్నా."

"భయం దేనికి, కూర్చో."

ఇద్దరూ వంటగది బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. పెద్దకోడలు గడియారం ముందు పెట్టుకుంది. అక్కడినుంచి మాటలన్నీ ఇంగ్లీషులోనే. చిన్నకోడలు గుక్కతిప్పుకోకుండా రెండు నిమిషాలూ మాట్లాడింది. మామగారు చదివి వినిపించిందే విని విని బట్టీ పట్టడం వల్ల మధ్యలో రెండుచోట్ల "కామా" అని కూడా అంది. ఇంకో రోజైతే పెద్దకోడలు పడీపడీ నవ్వేది.

"చాలా బాగుంది" అందామె, అధికారిలా చేతులు కట్టుకుని. "ఇప్పుడు కొన్ని ప్రశ్నలు. నిన్న పొద్దున్న మీ మామగారు మొదట చదివిన వార్త ఏమిటి?"

"నిన్న... వంతెన గురించి."

"నిన్న పేపర్లో వంతెన ఊసే లేదు. మీరు ఏ కూరగాయ తరిగారు?"

"బీన్స్."

"బీన్స్ తరగరు. తుంచుతారు. ఆయన ఏ కుర్చీలో కూర్చుంటారు? గోడవైపా, కిటికీవైపా?"

"అక్కా..."

"నేను అక్కని కాదు, పరీక్ష అధికారిని. ఆయన ఏదైనా వార్తకి కోపం వస్తే ముందు ఏం చేస్తారు? మీరు రోజూ కూర్చుంటున్నారు కదా. చెప్పండి."

చిన్నకోడలి మెడ ఎర్రబడింది. వేళ్ళు బల్ల అంచుని పట్టుకున్నాయి. ఇంగ్లీషులోనే, బట్టీ పట్టని ఇంగ్లీషులో, మెల్లగా మొదలుపెట్టింది.

"నేను కూర్చోను. నేను అబద్ధం చెప్పాను. ఆ సమయంలో నేను పెరటి మెట్టు మీద బూట్లు వేసుకుంటూ ఉంటాను. తలుపు దగ్గరగా వేసి ఉంటుంది. ఆయన గొంతూ ఆవిడ గొంతూ వినిపిస్తాయి. ఆవిడ ఏదో అంటారు, ఆయన నవ్వుతారు. ఆయన అలా నవ్వడం నా దగ్గర ఎప్పుడూ లేదు. బూట్లు వేసుకోడానికి నిమిషం చాలు. నేను పది నిమిషాలు వేసుకుంటాను. బస్సు రెండుసార్లు తప్పిపోయింది."

పెద్దకోడలు గడియారం వైపు చూడటం మర్చిపోయింది. అడుగుదామనుకున్న ప్రశ్న పోయి, ఇంకోటి నోటికొచ్చింది.

"మరి లోపలికి ఎందుకు రారు?"

"అక్కడ రెండే కుర్చీలున్నాయి" అంది చిన్నకోడలు. "ఆరేళ్ళలో నన్ను ఎవరూ రమ్మనలేదు."

ఇంగ్లీషు అక్కడితో ఆగిపోయింది. "నాకు వార్తల అలవాటంటూ ఏం లేదక్కా" అంది తెలుగులోకొచ్చేసి. "బస్సులో ఫోను తీస్తా, వేలితో తోసుకుంటూ పోతా, దిగేసరికి ఒక్కటీ గుర్తుండదు. అది చెప్తే నలభై సెకన్లే వస్తుంది. మామయ్య చూసిందేదైనా చెప్పమన్నారు. నేను సరిగ్గా చూసింది మీ ఇద్దర్నే. చెప్తుంటే... నేనే కూర్చున్నట్టు అనిపించింది. అందుకని 'నేను' అనేశా. ఆయనకీ సిగ్గుపడి చెప్పలేదు, ఊరికే పరీక్ష కోసమన్నాను."

పెద్దకోడలికి ఎనిమిది రోజులుగా తను ముందుగది తలుపు ఇవతల కుళ్ళుకుంటూ నిలబడిందనే తెలుసు. ఆరేళ్ళుగా ఇంకో తలుపు అవతల ఇంకొకరు అదే పని చేస్తున్నారని తెలీదు. బూట్ల చప్పుడు ఆమెకి రోజూ వినబడేది. వింటూనే, ఇంకా వెళ్ళలేదేమిటి ఈ పిల్ల అని విసుక్కునేది. రావే, కూర్చో అనడానికి ఎంత సేపు పడుతుంది? అనలేదు. అనకూడదనే అనలేదేమో కూడా. ఆ ముక్క తనకి తను చెప్పుకునేసరికి కళ్ళు నిండాయి.

"శభాష్ నీకే ఎందుకు వచ్చిందో అని ఏడ్చాను" అంది ముక్కు తుడుచుకుంటూ. "మిక్సీలో ఏమీ లేదు."

"తెలుసు. గంటసేపు రుబ్బితే ఇంట్లో కనీసం పచ్చడైనా ఉండాలిగా."

ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు. గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలీదు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటున్నారు.

"ముప్ఫై ఒక్కేళ్ళు ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ పట్టాను" అన్నారు. "నా ఇంట్లో ఒక కుర్చీ తక్కువైందని నా కంటపడలేదు."

"మీ తప్పు కాదు మామయ్యా" అంది పెద్దకోడలు. "సరిచూసుకునేది ఎదుటివాళ్ళు కదా. అక్కడ కూర్చున్నది నేను." తర్వాత చిన్నకోడలి వైపు తిరిగింది. "నువ్వు ఆ బట్టీ అంతా పారెయ్. మెట్టు మీంచి వినపడింది వినపడ్డట్టు చెప్పు. ఇందాక నీకు మాట తడబడలేదు, చూసుకున్నావా? ఎంతసేపు మాట్లాడావో నాకే గుర్తులేదు."

అసలు పరీక్షకి మిగిలిన రెండు రోజులూ ఆమే పరీక్ష పెట్టింది. మంచి ప్రశ్నలే వేసింది. ఒకటి రెండు చెడ్డవి కూడా వేసింది, సరదాకి.

పరీక్ష రోజు మధ్యాహ్నం చిన్నకోడలు తిరిగొచ్చి చెప్పులు విప్పకుండానే బల్ల దగ్గర కూలబడింది.

"వార్తలు రాలేదక్కా. మీ పక్కింటివాళ్ళ గురించి చెప్పండి అన్నాడు."

"అయ్యో. మరేం చెప్పావ్?"

"రెండు నిమిషాలయ్యాక కూడా ఆగలేదు. ఆయనే చాలు చాలన్నాడు."

వారం తర్వాత ఉత్తరం వచ్చింది. ఉద్యోగం వచ్చింది. కొత్త ఆసుపత్రిలో పని తొమ్మిదింటికి. బస్సు తొందర లేదు.

ఆ మర్నాడు ఆరున్నరకి మామగారు పేపరు మడత విప్పారు. పెద్దకోడలు బీన్స్ ముందు పెట్టుకుంది. ముందుగదిలోంచి తెచ్చిన కుర్చీ ఇద్దరి మధ్యా ఖాళీగా ఉంది. పైన చిన్నకోడలి గదిలో ఇంకా అలికిడి లేదు. ఇన్నాళ్ళ తర్వాత ఆ గంట మళ్ళీ అచ్చంగా తనదైంది. ఎవరూ అడిగేవాళ్ళు లేరు.

మామగారు గొంతు సవరించుకున్నారు. "మొదలుపెట్టనా పెద్దమ్మాయ్?"

ఆమె ఒక బీన్సు తుంచింది. ఇంకోటి తీసి, తుంచకుండా పక్కన పెట్టింది.

"ఒక్క నిమిషం ఆగండి మామయ్యా. లేపుకొస్తాను."