ఊడిరాని ఫ్లైవీల్

"ఏయ్, ఏయ్! ముందు ఆ సుత్తె కింద పెట్టు!"

భానుప్రకాశ్ ఉలిక్కిపడ్డాడు. ఎత్తిన సుత్తి గాలిలోనే ఆగిపోయింది. దుకాణం ముందు ట్రాలీ ఆటో ఆగి ఉంది. అందులో గడ్డి కోసే ఎర్ర మిషన్, దాని పక్కన చున్నీ నడుముకు బిగించుకుని ఒక అమ్మాయి.

"నేను మందు కొట్టే పంపుకు సొట్ట తీస్తున్న. నీ మిషిని ఇంకా ఆటోలనే ఉంది గదా!"

"ఇప్పుడు దాన్ని కొడ్తున్నవ్, తర్వాత దీన్ని కొడ్తవ్. మీ మెకానిక్కుల సంగతి నాకెర్కలేదా?"

ముస్తాబాద్ చౌరస్తా దగ్గర ఇషాక్ ఉస్తాద్ షెడ్డంటే చుట్టుపక్కల రైతులకు ఎంతో గురి. ఆ షెడ్డులో ఐదేళ్లుగా పనిచేస్తున్న భానుని వచ్చీ రాగానే ఇట్లా దులిపేసినవాళ్లు ఎవరూ లేరు. న్యాయంగా అయితే కోపం రావాలి. రాలేదు సరికదా, సుత్తి బుద్ధిగా కింద పెట్టేశాడు.

అమ్మాయి పేరు సుచిత్ర. ఊరి బయట ఫంక్షన్ గార్డెన్లో పచ్చిక మొత్తం ఆమె చేతి మీదే పెరిగింది. పొద్దున మిషన్ బ్లేడుకు రాయి తగిలి ఇంజను టక్కున ఆగిందట. మళ్లీ తాడు లాగితే చేతికి ఎదురు కొడుతోందట.

"ఫ్లైవీల్ చక్రం కింద చిటికెనవేలు గోరంత ముక్క ఉంటది, కీ అంటరు. అది తెగింది," అన్నాడు భాను. "కీ మార్చాలంటే చక్రం ఊడదియ్యాలె. సాయంత్రం రా."

"సరే మెకానిక్కూ. సుత్తె మాత్రం ముట్టకు," అని ఆమె అదే ఆటోలో వెళ్లిపోయింది.

లోపల చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటున్న ఇషాక్ ఉస్తాద్ తల కూడా ఎత్తలేదు. "బేటా, గీ షెడ్డుకొచ్చే ఆడపిల్లలందరు నిన్ను అన్నా అంటరు. గా పిల్ల అనలే. యాది పెట్టుకో."

మరచిపోతే కదా, యాది పెట్టుకోవడానికి!

మధ్యాహ్నం మిషన్ ముందు కూర్చున్నాడు. పై రేకు విప్పి, నట్టు వదులు చేసి, మర పాడవకుండా దాన్ని షాఫ్టు కొస దాకా తెచ్చి ఉంచాడు. చక్రాన్ని పైకి లాగే పుల్లర్ తగిలించి, దాని రెండు బోల్టులూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెం బిగించాడు. దీనికి బలం అక్కర్లేదు, ఓపిక కావాలి. బిగించి ఊరుకుంటే చక్రం తనంతట తనే వస్తుంది. వచ్చేసింది కూడా. టక్ మని. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు.

ఫ్లైవీల్ ఒళ్లో పెట్టుకుని భాను అట్లాగే కూర్చున్నాడు. బయట మబ్బు కమ్ముకుంది. మిషన్ అడుగున అంటుకున్న పచ్చిగడ్డి వాసన షెడ్డంతా నిండిపోయింది. ఈ సాయంత్రం మిషన్ ఇచ్చేస్తే ఆ అమ్మాయి తీసుకుపోతుంది. ఆ తర్వాత ఆమె ఎవరో, తనెవరో.

బుద్ధి గడ్డి తినడమంటే ఇదే మరి. చక్రాన్ని తీసుకెళ్లి మళ్లీ షాఫ్టుకే పెట్టి, నట్టు వేళ్లతో తిప్పి, ఏమీ ఎరగనట్టు రేకు కప్పేశాడు.

"రాలే," అన్నాడు సాయంత్రం ఆమె రాగానే. "బాగ బిగుసుకపోయింది."

"గన్ని కండలు పెట్టుకొని గింత చక్రం ఊడదియ్యలేవా?"

"సుత్తె ముట్టొద్దన్నవ్ గదా!"

సుచిత్ర నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. కళ్లలో నవ్వు మాత్రం దాగలేదు. మంగళవారం అట్లా గడిచింది.

బుధవారం వచ్చింది. బోర్లించిన ఆయిల్ డబ్బా మీద కూర్చుంది. గురువారం అడక్కుండానే ఆ డబ్బా తుడిచి పెట్టాడు భాను. రేకుల మీద సన్నటి వాన పడుతుంటే ఆమె తన గడ్డి గురించి చెప్పింది. ఒక్కొక్క పిలకా ఎట్లా నాటిందో, ఎండలకు కడవలతో నీళ్లు ఎట్లా మోసిందో, వాన వెలిసిన పొద్దున చెప్పులు లేకుండా దాని మీద నడిస్తే ఇంటికి పోబుద్ధే కాదని. భాను వింటూ వింటూ ఆ పచ్చిక మీద ఆమె పక్కనే నడుస్తూ ఎక్కడికో వెళ్లిపోయాడు. వాన ఆగకపోతే బాగుండనిపించింది.

"ఓ మెకానిక్కూ! పుల్లర్ ఉల్టా పట్టుకున్నవ్."

చూసుకుంటే నిజమే. ఉస్తాద్‌కు దగ్గొచ్చింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

శుక్రవారం ఉస్తాద్ జుమ్మా నమాజుకు వెళ్లిన వేళ సుచిత్ర పరుగున వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. చేతిలో తెల్లటి నూలు తాడు.

"ఇగో. మా అవ్వ దుబ్బాకల మగ్గం నేసినామె. నూలు పోగులు మెత్తగ పేనిచ్చింది. ప్లగ్గు తీసి గా బొక్కలకెళ్లి తాడు లోపలికి నింపితే పిస్టన్ ఆగుతదంట. అప్పుడు నట్టు ఎంత బలంగనన్న తిప్పొచ్చంట. రాత్రంత వీడియోలు చూసిన."

"గంత తొందరేంది?" అన్నాడు భాను తేలిగ్గా.

"ఎల్లుండి గార్డెన్ల పెండ్లి. రేపు సాయంత్రానికి గడ్డి సమానం గాకుంటే ప్లాస్టిక్ గడ్డి పరిపిస్త అన్నడు గార్డెన్ సేటు. ప్లాస్టిక్ గడ్డికి నీళ్లెందుకు? నేనెందుకు?"

"మరి నాకు చెప్పలేదేంది?"

"చెప్తే తొందరల నువ్వు సుత్తె పడ్తవని."

భానుకి తల కొట్టేసినట్టయింది. తనేదో తీయటి ఆట ఆడుతున్నాననుకున్నాడు. ఆ ఆటలో ఈమె కడుపు కొడుతున్నానని తెలియదు. తాడు అందుకోవడానికి చెయ్యి రాలేదు. రేకు తీసి, నట్టును రెండు వేళ్లతో తిప్పి, ఫ్లైవీల్‌ను అలవోకగా పైకెత్తాడు.

"గిది మంగళవారమే వచ్చింది, సుచిత్రా."

ఆమె చక్రాన్ని చూసింది. అతన్ని చూసింది. "నాలుగు దినాలు! నా గడ్డి జానెడు పెరిగింది. ఎందుకు చేసినవ్ గిట్ల?"

"ఊడిందంటే తీస్కపోతవ్. పోతే మళ్ల రావు. నువ్వు రాని సాయంత్రం తల్చుకుంటెనే భయమైంది. నువ్వంటే నాకిష్టం. కాని నేను చేసింది తప్పు. నువ్వేమన్నా పడ్త."

ఆమె చేతిలోని తాడును ఆయిల్ డబ్బా మీద పడేసింది.

"ముందు మిషిని చెయ్యి."

కొత్త కీ పెట్టి, చక్రం కూర్చి, నట్టు బిగించాడు. రెండో లాగుకే ఇంజను అందుకుంది. ఆటో మలుపు తిరిగేదాకా చూశాడు భాను. ఆమె వెనక్కి తిరగలేదు.

శనివారం పొద్దున్నే భుజాన గడ్డి నరికే బ్రష్ కట్టర్ వేసుకుని గార్డెన్ గేటు ముందు నిలబడ్డాడు. సుచిత్ర పొమ్మనలేదు, రమ్మనలేదు. ఎండ వచ్చి గడ్డి ఆరగానే అతను ముందు ఎత్తుగా కోసుకుంటూ వెళ్లాడు, వెనకాల ఆమె మిషన్‌తో సమం చేసుకుంటూ వచ్చింది. ఆ చివర నుంచి ఈ చివర దాకా, పొద్దంతా అదే పని. సాయంత్రం సేటు వచ్చి, చెప్పులు విడిచి, పచ్చిక మీద అటూ ఇటూ నడిచాడు. "దీని మీద ప్లాస్టిక్ ఎందుకు పరుస్తం!" అని వెళ్లిపోయాడు.

అప్పుడు గడ్డి మీద కూలబడింది సుచిత్ర. రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చింది, ఆ వెంటనే నవ్వింది.

"నా మీద కోపం పోయిందా?" అన్నాడు భాను దూరం నుంచే.

"పోలే." చేత్తో గడ్డి నిమురుతూ తలెత్తింది. "మా గల్లీలనే ఇంకో మెకానిక్ ఉన్నడు, ఎర్కేనా? బుధవారమే నీ తానకెళ్లి తీస్కపోయి ఆయనకు ఇద్దామనుకున్న. గురువారం గూడ అనుకున్న."

"మరి తీస్కపోలేదేంది?"

"గది గూడ నేనే చెప్పాల్నా, మొద్దూ!"

భానుకి కాళ్ల కింద పచ్చిక ఉందో లేదో తెలియలేదు.

"మా అవ్వకు అబద్ధమాడెటోళ్లంటే గిట్టదు," అంది ఆమె లేచి గడ్డిపరకలు దులుపుకుంటూ. "పెండ్లి పని అయినంక రేపు పొద్దుగూకే యాళ్లకు ఇంటికి రా. నిన్న నాకు చెప్పిన మాట ఆమెకు గూడ చెప్పు. మొత్తం చెప్పాలె."

"అవ్వ కొడ్తదేమో?"

"కొడ్తది," అంది సుచిత్ర. "కొట్టి, చాయ్ పోస్తది."