ఇరవై మూడో కిలోమీటరు గొంతు

ఇరవై మూడో కిలోమీటరు దగ్గర, ఒక్క బండి మాత్రమే పట్టే ఆ వంతెన దగ్గర, చీకటి పడితే ఎవరూ నోరు మెదపరు. దుంగల లారీలు నడిపే మొనగాళ్లు కూడా అక్కడికొచ్చేసరికి పాటలు కట్టేసి, రేడియో వైపు చెవి ఒగ్గుతారు. ఎందుకంటే అందులో ఒక ఆడమనిషి గొంతు వస్తుంది...

"ఇరవై రెండు, పైకి, ఆర్వీ."

లారీ ఆపుతారు. ఎదురొచ్చే బండి కోసం చూస్తారు. పొగమంచు... తడి చెట్లు... కింద వాగు హోరు. ఏ బండీ రాదు.

నేను మార్లిస్‌ని. వాంకూవర్ ద్వీపం ఉత్తరపు కొసన, తారురోడ్డు అయిపోయే చోట నాకో కాఫీ కొట్టుంది. అక్కడి నుంచి సముద్రపు ఒడ్డు పార్కు దాకా అరవై కిలోమీటర్లూ కంకర రోడ్డే, లారీలదే రాజ్యం. ఆ దారిన పోయే ప్రతి బండీ కిలోమీటరు బోర్డు కనపడగానే రేడియోలో చెప్పాలి. ఎన్నో కిలోమీటరు, పైకా కిందికా, ఏం బండి. పైకంటే పార్కు వైపు, కిందికంటే ఊరి వైపు. రేడియో లేనివాళ్లకి నేను అద్దెకిస్తాను.

ఆరేళ్ల కిందట ఇంగా వచ్చింది, మొగుడు గార్నెట్‌తో. మంచం, పొయ్యి అన్నీ ఉన్న పెద్ద ఆర్వీలో. ఈ ప్రయాణం కోసం మూడు చలికాలాలు కూచుని ఆవిడ ఒక నోటుపుస్తకం నింపింది. ఏ రోజు ఏ గంటకి సముద్రం పోటు, ఎప్పుడు పాటు. నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి. స్టెపినీలు ఒకటి కాదు రెండు. ఎలుగుబంట్లకి అందకుండా తిండి దాచే ఇనప డబ్బా. చివరి పేజీలో ఒకటి నుంచి అరవై దాకా అంకెలు, పక్కన టిక్కు పెట్టుకోడానికి గళ్లు. ఆవిడ నాకు మహా నచ్చింది.

నా కౌంటర్ దగ్గరే సాధన చేసింది. "ఒకటి, పైకి, ఆర్వీ. సరిగ్గా చెప్పానా?"

"ఇంట్లో వాగేది చాలక అడవిలో కూడా మొదలెట్టావా?" అన్నాడు గార్నెట్. "ఎలుగుబంట్లు చెవులు మూసుకుని పారిపోతాయి."

"పోనీలే, ఆ ఇనప డబ్బా మోత తప్పుతుంది" అని నవ్వింది ఇంగా. నవ్విందే గానీ, మొహం కందిపోయింది.

ఆ సాయంత్రం కౌంటర్ మీద నా రేడియోలో వింటూనే ఉన్నాను. పందొమ్మిది... ఇరవై... "ఇరవై ఒక—"

టక్.

చెడిపోయే రేడియో గరగరలాడుతుంది, గింజుకుంటుంది. మాట మధ్యలో టక్కుమందంటే ఎవరో కట్టేసినట్టే.

దుంగల లారీ నడిపే తౌనో అప్పటిదాకా పక్కదారిలో, వేరే చానెల్లో ఉన్నాడు. ఇంగా చెప్పినవేవీ అతనికి వినపడలేదు. ఇరవై ఐదు దగ్గర లోడు లారీతో పెద్ద రోడ్డెక్కాడు. వంతెన మీద వాళ్లని గుద్దేశాడు. ఇంగా పోయింది. గార్నెట్ చెయ్యి విరగ్గొట్టుకుని బయటపడ్డాడు. రేడియో వాగులో పడి కొట్టుకుపోయింది.

"మార్లిస్ ఇచ్చిన రేడియో పాడైపోయింది" అని పోలీసులకి చెప్పాడు గార్నెట్.

అందరూ నమ్మారు. టక్కుమందని నేనెంత మొత్తుకున్నా ఎవరికీ చెవికెక్కలేదు. "నీ డొక్కు రేడియో నా చేత మనిషిని చంపించింది మార్లిస్" అన్నాడు తౌనో, అంతే, మళ్లీ నా కొట్టు గడప తొక్కలేదు. ఆరేళ్లు ఆ నింద మోశాను. తల్చుకుంటే ఒళ్లు మండిపోయేది.

వంతెన దగ్గర గొంతు మొదలైంది ఆ చలికాలమే.

మొన్న అక్టోబరులో ఒక కొత్త ఆర్వీ వచ్చి ఆగింది. దిగింది గార్నెట్! పక్కన కొత్త పెళ్లాం పాలెట్. ఆమె చేతిలో... ఇంగా నోటుపుస్తకం.

"చూడండి, మా ఆయన ఎంత బాగా ప్లాన్ వేశాడో!" అంది పాలెట్, పాపం. "పోటూ పాటూ కూడా రాసుకున్నాడు."

నేను గార్నెట్ వంక చూశాను. చూపు తిప్పుకున్నాడు.

"ఏవమ్మా, ఈసారైనా పనిచేసేది ఇస్తావా?" అన్నాడు.

రేడియో వాళ్ల ఎదుటే మోగించి చూపించాను. పాలెట్ చెయ్యి పట్టుకుని, "ఏమైనా సరే, దీన్ని కట్టేయొద్దు" అన్నాను. ఆమెకి అర్థం కాలేదు.

సాయంత్రమైంది, పొగమంచు దిగుతోంది. నా రేడియోలో పాలెట్ గొంతు ఒక్కో అంకే చెబుతోంది. పందొమ్మిది... ఇరవై... "ఇరవై ఒక—"

టక్.

అంతలో తౌనో గొంతు: "ఇరవై ఐదు, కిందికి, లోడు." అప్పుడే పెద్ద రోడ్డెక్కాడు. తర్వాత... "ఇరవై నాలుగు, కిందికి, లోడు."

వంతెనకి ఇంకొక్క కిలోమీటరు.

"ఇరవై రెండు, పైకి, ఆర్వీ."

ఇంగా గొంతు. నిదానంగా, సరిగ్గా చెప్పానా అని అడిగినట్టు.

తౌనో వంతెన ఎక్కకముందే లారీ నిలబెట్టేశాడు. ఆరేళ్లలో మొదటిసారి, ఆ గొంతు వెనక నిజంగా ఒక బండి వచ్చింది.

గంట తర్వాత ముగ్గురూ నా కొట్టులో ఉన్నారు. తౌనో గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అది కట్టేసి ఉంది" అంటున్నాడు గార్నెట్, గొణుగుతూ. "ఆ అంకెలు వినలేక నేనే కట్టేశాను... కట్టేసిన దాంట్లోంచి ఎలా మాట్లాడింది?"

తౌనో దగ్గరికొచ్చాడు. "అప్పుడు కూడా నువ్వే కట్టేశావా?"

పాలెట్ నోటుపుస్తకాన్ని బల్ల మీద పెట్టి, గార్నెట్‌కి దూరంగా జరిగింది.

"ఆరేళ్లు నిన్ను తిట్టుకున్నాను మార్లిస్" అన్నాడు తౌనో, టోపీ తీసి. "నువ్వూ విన్నావు కదూ, ఆవిడ గొంతు?"

"విన్నాను."

అంతకు మించి వాళ్లకి చెప్పలేదు. మీకు చెబుతాను.

ఆరేళ్లుగా ఆ గొంతు నాదే. మైకుకి గుడ్డ చుట్టి, పొద్దు వాలగానే ఇంగాలా చెప్పేదాన్ని. మార్లిస్ జాగ్రత్త అంటే ఎవడు వింటాడు? దెయ్యం అంటే బ్రేకు తొక్కుతారు.

పాలెట్ వచ్చిన సాయంత్రం కూడా టక్కుమనగానే మైకు అందుకున్నాను. తౌనో ఇరవై ఐదు అన్నాడు. నా బొటనవేలు మీట మీదే ఉంది. ఇరవై నాలుగు అన్నాడు. ఒక్క నొక్కు చాలు... నొక్కలేదు. గార్నెట్‌ని చావనీ అనుకున్నాను. పక్కన పాలెట్ ఉందని తెలిసి కూడా అనుకున్నాను.

మైకు నా చేతిలో అలాగే ఉంది. ఇంగానే చెప్పింది.