అరవనన్న హీరోయిన్

“యాక్షన్!” అన్నాడు శశాంక్.

జెస్సికా అరవలేదు. వెనక్కి తిరిగి, “ఒగ డౌటు” అంది.

శశాంక్ తల పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి ఇది ఆరో డౌటు. ప్రొద్దుటూరులో పెళ్లి వీడియోలు తీసే అతను, పోటీకి పంపాలని పది నిమిషాల హారర్ షార్ట్ ఫిల్మ్ మొదలుపెట్టాడు. జమ్మలమడుగులో ఒక పాత మిద్దె దొరికితే, పట్టపగలే కిటికీలకు నల్లగుడ్డలు కట్టించాడు. జెస్సికా పులివెందులలో నర్సు. క్రిస్మస్ నాటకంలో ఆమెను చూసిన స్నేహితుడు సుధీర్ ఒప్పించి తీసుకొచ్చాడు. హీరో కూడా సుధీరే.

“అడుగు.”

“శబ్దం వింటానే నేను అరిచి పడిపోతా. సుధీర్ వచ్చి కాపాడతాడు. ఆయప్పకు భయం లేదా?”

“హీరో కదా. మగోడు.”

“మా ఆసుపత్రిలో సూది చూసి కండ్లు తిరిగి పడేది శానామటుకు మగోళ్లే అప్పా.”

సుధీర్ కిసుక్కున నవ్వాడు. శశాంక్‌కు కోపమొచ్చింది. “ఆడపిల్ల అరిస్తేనే జనాలకు భయమేసేది.”

“ఎవరు చెప్పినారు?”

ఎవరు చెప్పారు? చూసిన సినిమాలన్నీ తలుచుకున్నాడు శశాంక్. ఆడపిల్ల అరుస్తుంది, లేదంటే తెల్లచీర కట్టుకుని తనే దయ్యమవుతుంది. మూడోది గుర్తు రాలేదు.

“సరే, నిజంగా భయమేస్తే నువ్వేం చేస్తావు?”

“తెలీదు. నువ్వేం చేస్తావు?”

ఆ కళ్లలో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలనుంది. శశాంక్ ఆ పూటకు ప్యాకప్ చెప్పేశాడు.

సాయంత్రం తల్లి అనసూయ కూరకు మటిక్కాయలు తుంచుతుంటే పక్కన కూర్చున్నాడు.

“అమ్మా, నువ్వు శానా భయపడింది ఎప్పుడు?”

ఆమె చెయ్యి ఆగింది. ఇంతవరకు ఆమెనెవరూ ఆ మాట అడగలేదు. “మీ నాయనకు గుండెనొప్పి వచ్చినపొద్దు.”

“అరిచినావా?”

“నేను అరుస్తా కూచుంటే ఆటో ఎవరు పిలుస్తార్రా? ఆసుపత్రిలో చేర్పించి, సంతకాలు పెట్టి, డాక్టరు పరవాల్యా అన్నాక బాత్రూములోకి పోయి ఏడ్చినా.” గొంతు తగ్గించింది. “అరిచింది మీ నాయన. ఎవురికీ చెప్పొద్దన్నాడు. పాపం, ఆయనకు మాత్రం భయముండదా?”

శశాంక్ కథ మళ్లీ రాశాడు. రాసినన్నాళ్లూ రోజూ జెస్సికాకు ఫోనే.

“భయమేస్తే ముందు గుండె కొట్టుకుంటాదా, నోరెండిపోతాదా?”

“నాడి చూసుకో.”

“ఇప్పుడు జోరుగా ఉంది.”

“ఇప్పుడు దేనికప్పా భయం?”

అతను ఠక్కున ఫోన్ పెట్టేశాడు.

ఈసారి షూటింగులో జెస్సికా వణుకుతున్న చేత్తోనే తలుపు గడియ వేసింది. మూలన ఏడుస్తున్న సుధీర్ పక్కన వచ్చి కూర్చుంది. కెమెరా వెనక శశాంక్ కట్ చెప్పడమే మరిచిపోయాడు.

అంతలో వాన. సుధీర్ టీకి పరిగెత్తాడు. వసారాలో ఇద్దరే మిగిలారు. జల్లు జడను తడుపుతున్నా జెస్సికా పక్కకు జరగలేదు.

“ఒగ మాట చెప్పల్ల. శానా భయంగా ఉంది” అన్నాడు శశాంక్.

“చెప్పు.”

“నువ్వంటే నాకిష్టం.”

ఆమె వానకేసి చూసింది. “నాకూ ఇష్టమే. భయం కూడా. మాది చర్చి, మీది గుడి. ఎన్ని మాటలు పడల్లో!”

“పడదాం.”

“ఇద్దరం కలిసే పడల్ల. నన్నొక్కదాన్నే ముందుకు తోయొద్దు.”

సినిమాకు బహుమతి రాలేదు. కానీ అది చూసిన అనసూయ, “ఈ పిల్ల ఎవుర్రా?” అని అడిగింది. శశాంక్ చెప్పేశాడు. ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు చీర మార్చుకుని, “మీ నాయనతో మాట్లాడినా. పదరా, వాళ్లిల్లు యాడుందో చూపించు” అంది.

పులివెందులలో జెస్సికా తండ్రి పేతురు టీచరు. అంతా విన్నాడు. “ముందు అడిగిందెవరప్పా? నువ్వా, మా పిల్లా?” అన్నాడు.

“నేనే సార్. వణుక్కుంటా అడిగినా.”

జెస్సికా తల్లి యేసమ్మ ఫక్కున నవ్వింది. “నువ్వే నయం నాయనా! ఈయప్ప ఏడాదిపాటు మా వీధిలో సైకిలు తిప్పినాడే గానీ నోరు తెరవల్యా. విసుగొచ్చి నేనే పోయి అడిగినా.”

“యేసమ్మా!” పేతురు ముఖం కందిపోయింది.

జెస్సికా నోరు తెరుచుకుని చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఈ సంగతి ఆమె వినలేదు. “నిజమా నాయనా?”

“నిజమే పాపా” అంటూ పేతురు గబుక్కున లేచాడు. “మీరంతా కూచొని ఆ పెండ్లి మాటలేందో మాట్లాడుకోండి. కాఫీ నేను పెట్టుకొస్తా.”