వెనకగది హీటర్

ఉత్తరాన చలి సముద్రంలో ఉన్న మా లూయిస్ దీవిలో జనవరి నెలలో నాలుగు కాకముందే పొద్దు వాలిపోతుంది. ఇళ్లలో పాత కరెంటు మీటర్లు మార్చడం నా పని. ఆ మీటర్లకు రేడియో సంకేతం అందితేనే హీటర్లు పనిచేస్తాయి. నెలాఖరుకి ఆ సంకేతం ఆగిపోతుంది. ఆలోగా కొత్తవి పెట్టకపోతే ముసలివాళ్లు చలికి బిగుసుకుపోతారు. ఆ రోజు నా జాబితాలో చివరి ఇల్లు డోలీనాది. ఎనభై మూడేళ్ల మనిషి, ఒంటరిది. అక్కడికి చేరేసరికి మూడు దాటింది.

తలుపు తట్టే అలవాటు మా ఊళ్లో ఎవరికీ లేదు. నెట్టుకుని లోపలికి వెళ్లాను.

“మీ నాన్నా ఇంతే, టీ కాగే వేళకి సరిగ్గా ఊడిపడేవాడు,” అని నవ్వింది డోలీనా. కప్పు నా చేతికిచ్చాక నవ్వు ఆపేసింది. “ఒరేయ్ టోర్కిల్, వెనకగది హీటర్ మాత్రం ఆపకురా.”

“కరెంటు తియ్యకుండా మీటరు ఎలా మార్చను పెద్దమ్మా? అరగంటేగా.”

“మా అమ్మ రోజుల్లో పొయ్యిలో నిప్పు రాత్రి కూడా ఆరనిచ్చేవాళ్లం కాదు. సముద్రంలో పోయినవాళ్లు వెచ్చదనం వెతుక్కుంటూ వస్తారని. పొయ్యి పూడ్చేసి ఈ పెట్టెలు పెట్టుకున్నాం... రూరీకి ఇప్పుడు అదే దిక్కు.”

రూరీ ఆమె తమ్ముడు. పదకొండేళ్ల కిందట పడవతో సహా మునిగిపోయాడు. శవం దొరకలేదు.

“ఆ హీటర్ నిండా వేడిని పట్టి ఉంచే ఇటుకలే. ఆపినా రేపటిదాకా వేడి పోదు. నీ తమ్ముడికి జలుబు చెయ్యదులే,” అన్నాను. ఆ వెటకారం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఫ్యూజు పీకాను. ఫ్రిజ్ మూలుగు ఆగింది. ఇల్లంతా చీకటి. తలకి కట్టుకున్న లైటు వెలుతురులో పాత మీటరు విప్పుతున్నాను. ముందు వాసన వచ్చింది. ఉప్పు, నాచు, తడిసిన ఉన్ని. తర్వాత నా ఊపిరి పొగలా కనబడింది. అనుమానం వచ్చి వెనకగదిలోకి వెళ్లి హీటర్ మీద చెయ్యి పెట్టాను.

మంచుముక్కలా ఉంది. ఆపి ఐదు నిమిషాలు కూడా కాలేదు...

మీటరు దగ్గరికి పరిగెత్తాను. నా వెనకే తడి బూట్ల చప్పుడు. చప్... చప్...

“వెనక్కి తిరక్కు,” వంటింట్లోంచి డోలీనా గుసగుసలాడింది. “నీ పని కానియ్యి.”

అది నన్ను దాటి వెళ్లింది. నా మెడ మీద నీటి చుక్క పడింది. ఆమె కుర్చీ దగ్గర అడుగులు ఆగాయి.

“ఇలా రా... చేతులు ఇటివ్వు,” అంది ఆమె. నాతో కాదు.

స్క్రూ రెండుసార్లు జారిపోయింది. ఎలాగో కొత్త మీటరు బిగించి ఫ్యూజు పెట్టాను. లైట్లు వెలిగాయి. వంటింట్లో ఆమె ఒక్కతే ఉంది. చేతులు నీలంగా, మణికట్టు దాకా తడిసి ఉన్నాయి. వెనకగది నుంచి కుర్చీ దాకా తడి అడుగులు. తిరిగి వెళ్లినవి లేవు.

హీటర్లన్నీ వేసి చూశాను. అన్నీ వేడెక్కాయి. “మా ఇంటికి వచ్చెయ్ పెద్దమ్మా,” అన్నాను. రానంది. నేను బలవంతం చెయ్యలేదు. భయం వేసింది, అంతే. ఆమెని వదిలేసి పారిపోయాను.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు నుంచి ఫోన్. కొత్త మీటర్ల రీడింగు నేరుగా వాళ్లకే అందుతుంది. నేను బయల్దేరినప్పటినుంచి ఆ ఇంట్లో ఒక్క యూనిట్ కూడా కాలలేదట. బయట రాత్రంతా మంచు కురిసింది.

వ్యాను వైపు పరిగెడుతూనే డోలీనాకి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

“పెద్దమ్మా, హీటర్లు పనిచేస్తున్నాయా?”

“వాటి అవసరమేముందిరా? ఇల్లు ఎంత వెచ్చగా ఉందో. స్వెట్టర్ కూడా విప్పేశాను.”

మంచులో చిక్కుకుని చనిపోయినవాళ్ల సంగతి మాకు తెలుసు. ఆఖరి గడియలో వాళ్లకి చలి తెలియదు. ఒంటి మీది బట్టలు విప్పేసుకుంటారు.

“వెంటనే పక్కింటికి వెళ్లు. నేను వస్తున్నా...”

“ఎందుకురా కంగారు? రూరీ ఉన్నాడుగా.” నింపాదిగా, హాయిగా ఉంది గొంతు. టీ పెడతానంది. మా నాన్న గురించి ఏదో చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె చెబుతున్నంతసేపూ, ఫోనుకి చాలా దగ్గరగా, ఎవరివో పళ్లు చలికి టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి.